బొగ్గుగనుల సీమయందలి మన బాప్తిస్టు మాతలు



వివాహసమయమున పురోహితుడు వధూవరులను వెలుపలికి దోడ్కొనివచ్చి అరుంధతీ నక్షత్రమును జూపుట తెలుగునాట అనాదిగా వచ్చుచున్న యాచారము. ఆ నక్షత్రము సులభముగా గానరాదు. ప్రక్కనే వెలుగుచున్న వసిష్ఠ నక్షత్రమును మొదట గుర్తించి, పిదప దాని చెంత వెదకి చూడవలెను. వసిష్ఠుని యిల్లాలగు నా మహాసాధ్వి మన కులమున జన్మించినదని పెద్దలు చెప్పుదురు. ఆమె పేరనే మనము అరుంధతీయులమని పిలిపించుకొనుచున్నాము. పురుషుల పేర వెలసిన వంశములు లోకమున బెక్కులు గలవు. మనమో యొక యిల్లాలి పేరు ధరించినవారము. అయినను మహాసభల సంచికలను దిరుగవేసి చూచినచో అధ్యక్షుల పటములు, దాతల పటములు, ఉపన్యాసకుల పటములు మాత్రమే యెదురగును. స్త్రీ పేరు ఆకసమునందలి అరుంధతివలెనే, ప్రక్కనున్న పురుషుని పేరును మొదట బట్టుకొని వెదకిననే గాని చిక్కదు.

ఈ లోపమును గొంతయైన దీర్పవలెనని మేము ఈ వ్యాసమునకు బూనుకొంటిమి. రామగుండము, గోదావరిఖని మొదలగు బొగ్గుగనుల సీమలో భార్యగా, తల్లిగా, పనికత్తెగా, భక్తురాలుగా దీర్ఘజీవితము గడపిన బాప్తిస్టు స్త్రీ ఎవ్వతె? ఆమె యెక్కడినుండి వచ్చినది? ఆమె చేతులమీదుగా మన కులమున కేమి లభించినది? ఇదియే మా విషయము. మన సంఘమున జాంబవంతుని గొలుచువారును, ఎల్లమ్మను గొలుచువారును, క్రీస్తును గొలుచువారును గలరు. కావున మేమిచట మతప్రశంస చేయబోము; మతఖండనయు జేయబోము. ఇది చరిత్ర, అందునను మన యిండ్ల చరిత్ర.

కొండమీది ఐదుగురు

తెలుగుదేశమున అమెరికా బాప్తిస్టు మిషను 1836వ సంవత్సరమున శామ్యూల్ డే దొర రాకతో నారంభమైనది. 1840లో నెల్లూరు దానికి స్థానమయ్యెను. చాలకాలము ఫలము కానరాలేదు. మిషనును మూసివేయుదమా యని అమెరికాలో ఒకటికంటె నెక్కువ పర్యాయములు చర్చ జరిగెను. అట్టి నిరాశాకాలమున 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీని తెల్లవారకముందే లైమన్ జూయెట్ దొర ఒంగోలు ప్రక్కనున్న కొండనెక్కి ప్రార్థన చేసెను. ఆ కొండకే నేటికిని ప్రార్థనకొండ యని పేరు.

ఆనాడు కొండపై నుండినవారు ఐదుగురు: జూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అను క్రైస్తవుడు, జూలియా, రూతు. ఈ సంగతిని మనవారు అనేక సభలలో జెప్పుకొందురు. కాని ఆ ఐదుగురిలో మువ్వురు స్త్రీలని చెప్పువారిని మేమంతగా వినలేదు. దొరసానిని విడిచినను, తెలుగువారు మువ్వురిలో నిద్దరు స్త్రీలే. ఇరువదియైదేండ్లయినను గడువకముందే వేలకొలది జనము చేరిన యుద్యమమునకు మొదటిమెట్టున నిలిచిన తెలుగువారిలో స్త్రీలే యెక్కువయని మనము గుర్తుంచుకొనవలెను.

తాళ్లకొండపాడు నాగమ్మ

మన కులమునకు సంబంధించినంతవరకు కథ 1866లో నారంభమగును. తాళ్లకొండపాటి వాసియగు యెర్రగుంట్ల పేరయ్య తోళ్లవర్తకము చేయువాడు. వర్తకముపై ఉత్తరమునకు బోయి, ఏలూరు ప్రాంతమున అలెగ్జాండర్ దొరవలన క్రొత్తబోధ వినెను. ఇంటికి మరలివచ్చి భార్యయగు నాగమ్మకు దానిని జెప్పెను. 1866 మార్చిలో నా దంపతులిరువురును ఒంగోలు వచ్చి జూయెట్ దొరచే బాప్తిస్మము పొందిరి.

ఇచట నొక్క మాట చెప్పవలెను. పేరయ్య పేరు చరిత్రగ్రంథములలో విస్తారముగ గలదు. నాగమ్మ పేరు అతని పేరు వెంట నడచును. తోళ్లవర్తకుడు నెలలకొలది ఊళ్లు దిరుగుచుండగా ఇల్లు నడపినదెవరు? తంగేడు చెక్క నానవేసిన తొట్లను కనిపెట్టుకొన్నదెవరు? పిల్లలకు గంజి పోసినదెవరు? భర్త క్రొత్తదేవుని మాటతో దిరిగిరాగా, వాడకట్టులోని అత్తలకు, వదినెలకు, మరదండ్రకు జవాబు చెప్పవలసివచ్చినదెవరికి? పురుషుడు మతము మారినచో నది యొక నిర్ణయము. స్త్రీ మతము మారినచో పొయ్యి మొదలు పెండ్లివరకు నన్నియు మారవలెను. ఈ భేదము గ్రంథకర్తలకు దోచలేదు, అనుభవించినవారికి దెలియును.

1866 సెప్టెంబరులో జాన్ ఎవరెట్ క్లౌ దొర ఒంగోలున నిలిచెను. 1867 జనవరిలో నాతడు తాళ్లకొండపాటికి బోయి డేరా వేసికొనగా, చుట్టుపట్ల పల్లెలనుండి మనవారు మూటలతో వచ్చి చేరిరి. అచట 28 మంది బాప్తిస్మము పొందిరి. ఒంగోలున నప్పటికి అగ్రవర్ణములవారు గొందరు బోధ వినుచుండిరి. మనవారు చేరినచో తాము రామని వారు తెలియజేసిరట. క్లౌ దొరయు ఆయన భార్య హ్యారియెటును వేర్వేరుగా బైబిలు తెరచిచూడగా, ఇరువురకును కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో నీచులను దేవుడేర్పరచుకొనెనను భాగమే కనబడెనని చెప్పుదురు. వారు మనవారిని వదలలేదు. ఆ యగ్రవర్ణములవారు వెడలిపోయిరి.

క్లౌ దొర సంఘమున జేరువారికి మూడు నియమములు పెట్టెను: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను బూజింపరాదు. వినుటకు మూడు మాటలే. కాని వీని బరువు ఎవరిపై బడెనో యోజింపుడు. ఊరిలో పశువు చచ్చినచో కళేబరమును తీసికొనుట మనవారి విధి. తోలును, మాంసమును హక్కు. ఆ మాంసమును ఎండబెట్టి, వరుగు చేసి, పనిలేని దినములకు దాచుకొన్నది ఇల్లాలు. అది మానుమన్నచో ఆకలిదినములకు మరియొక యాధారము వెదకవలసినదియు నామెయే. ఆదివారము కోతకు రామన్నచో కామందు సోమవారముగూడ రావలదనును. కళ్లము దగ్గర నిచ్చు గింజలు నిలిపివేయును. ఎల్లమ్మ కొలుపులో డప్పు కొట్టమన్నచో ఊరంతయు నెదురు తిరుగును. ఈ కష్టములన్నియు వంటింటికే చేరెను. పురుషులు నియమమునకు దలయూపిరి. స్త్రీలు దానిని బ్రతికిరి.

పోగొట్టుకొన్నదియు గలదు. ఎల్లమ్మ కథలు, మాతంగి పాటలు, డప్పుమీది దరువులు పెక్కిండ్లలో నిలిచిపోయినవి. అది నష్టమే, కాదనుట న్యాయము గాదు. అయినను పాట నిలువలేదు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు చదువురాని స్త్రీల నోట నిలిచి, కలుపుతీతలోను, నాట్లలోను, వడ్లదంపులోను వినబడసాగెను. అక్షరము రాని తల్లి యిరువది ముప్పది కీర్తనలు కంఠస్థముగ బాడుట మన యిండ్లలో నాశ్చర్యము గాదు.

కరవులోని కూలి

1876 మొదలు 1878 వరకు చెన్నపురి రాజధానిలో ఘోరమైన కరవు వచ్చెను. ప్రభుత్వము బకింగ్‌హాము కాలువ త్రవ్వించుచుండగా క్లౌ దొర మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు దీసికొని ప్రజలకు పని కల్పించెను. మన స్త్రీలు పురుషులతో సమానముగ దట్టలు మోసిరి. త్రవ్విన మట్టిని గట్టునకు జేర్చినవారు వారే. ఒడిలో పసిబిడ్డ, నెత్తిన మట్టితట్ట, సాయంకాలము కూలి లెక్క, రాత్రి ప్రార్థన: ఇది యప్పటి దినచర్య.

కరవుసాయమునకై జనము మతము మారుచున్నారను నింద రాకుండ క్లౌ దొర ఆ కాలమున బాప్తిస్మములను నిలిపివేసెను. కరవు తగ్గి, కూలిపనియు సహాయధనమును ముగిసిన తరువాతనే మరల నారంభించెను. 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మారుచు ఆ పని నెరవేర్చిరి. అన్నముకొరకు వచ్చినవారని నేటికిని గొందరు మనవారిని హేళన చేయుదురు. వారికి మనము చెప్పవలసిన జవాబు ఈ తేదీలలోనే యున్నది. అన్నము దొరకినప్పుడు బాప్తిస్మము లేదు. బాప్తిస్మము దొరకునప్పటికి అన్నము పంచుట లేదు.

బడి, వైద్యశాల, సముద్రము

తరువాతి నలువదియేండ్లలో మూడు మార్గములు మన స్త్రీలకు దెరచుకొనెను. మొదటిది బడి. ఒంగోలు, నెల్లూరులలో బాలికల పాఠశాలలు నడచెను. రామాపట్టణపు వేదాంత పాఠశాలకు వచ్చిన విద్యార్థుల భార్యలకును అక్షరములు నేర్పిరి. వారిలో గొందరు బైబిలు స్త్రీలయి, చేతిలో పుస్తకముతో ఊరూర దిరిగిరి. ఊరిబావికి రానీయని కులపు స్త్రీ పుస్తకము పట్టుకొని వీధిలో నడచుట ఆనాటికి సామాన్యమైన వింత గాదు.

రెండవది వైద్యశాల. నెల్లూరు, ఒంగోలు, హనుమకొండ మొదలగు చోట్ల బాప్తిస్టు మిషను ఆసుపత్రులు వెలసెను. రోగి మలమూత్రములు తీయుట, పురుడు పోయుట, రక్తము కడుగుట అగ్రవర్ణముల దృష్టికి మైల. అందుచే చాలకాలము నర్సు పని క్రైస్తవ స్త్రీలదే యయ్యెను. మైలయని ఇతరులు విడిచిన పనిని మనవారు విద్యగా నేర్చి గౌరవముగ మార్చిరి. తోలును చెప్పుగా మార్చిన జాతికిది క్రొత్త గాదు.

మూడవది సముద్రము. 1860 నుండి తెలుగువారు ఒప్పందపు కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నాటాలునకు బోవుచుండిరి. వారికొరకు తెలుగు బాప్తిస్టు సంఘములు తమ సొంత చందాలతో 1903లో జాన్ రంగయ్యగారిని పంపెను. ఆ సంవత్సరపు డిసెంబరులోనే తేయాకు తోటలు గల కియర్స్నీలో తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడెను. దొరల సొమ్ముతో బ్రతికినవారని మనలను జూచువారికి, పేదపల్లెల నాణెములు సముద్రము దాటి మరియొక ఖండమున దేవాలయము నిలిపిన ఈ సంగతి చెప్పవలెను.

ఆ నాణెములు వచ్చిన దారియు దెలిసికొనదగినది. వంటకు బియ్యము కొలుచునప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు దీసి వేరుకుండలో వేయును. వారాంతమున నది సంఘమునకు జేరును. పిడికెడు బియ్యము అను నీ యాచారము తెలుగు క్రైస్తవ గృహములలో ప్రసిద్ధము. కోరికొనిన విందునుండి దీసినది గాదు. చాలీచాలని యెసటినుండి తీసినది. ఎందరో బోధకుల జీతములకు నీ పిడికెడే యాసరా.

బాయికి వచ్చిన జనము

నైజాము రాజ్యమున బాప్తిస్టు మిషను 1875లో సికింద్రాబాదునను, 1879లో హనుమకొండలోను స్థానములు నెలకొల్పెను. 1890లో రష్యానుండి వచ్చిన మెన్నొనైటు బాప్తిస్టులు నల్లగొండలో జేరిరి. ఈ జిల్లాలలోని మనవారు వెట్టిచాకిరిచే నలిగియుండిరి. అదే కాలమున వారికి మరియొక దారి భూమి క్రిందనుండి తెరచుకొనెను.

భూగర్భశాస్త్రజ్ఞుడగు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గని హక్కులను బొందెను. 1889లో ఇల్లెందున త్రవ్వకము మొదలయ్యెను. ప్రక్కనున్న సింగరేణి గ్రామము పేరు కంపెనీకి వచ్చెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. 1945లో నైజాము ప్రభుత్వము దానిలో నధికభాగమును గొనెను. నేడది తెలంగాణ రాష్ట్రమునకు నూటికి 51 పాళ్లు, కేంద్రమునకు 49 పాళ్లు గల సంస్థ. కొత్తగూడెము, బెల్లంపల్లి తరువాత, 1960 ప్రాంతమున గోదావరి దక్షిణపుటొడ్డున రామగుండము గనులు తెరువబడెను. అచట లేచిన పట్టణమే గోదావరిఖని. పిదప 1978లో శంకుస్థాపన జరిగిన జాతీయ థర్మల్ విద్యుత్కేంద్రమును, 1980లో నుత్పత్తి మొదలిడి 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారమును ఆ నేలనే వెలసెను. ఎరువుల యుత్పత్తి క్రొత్త సంస్థ యాధ్వర్యమున 2021లో మరల నారంభమయ్యెను.

గనిని ఈ సీమలో బాయి యందురు. మనుష్యుడు బాయికి బోయెనన్నచో నీరు తెచ్చుటకు గాదు, బొగ్గు దెచ్చుటకు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ పల్లెలనుండియు, కోస్తానుండియు మనవారు బాయిపనికి వచ్చిరి. పల్లెలో పటేలు ఇచ్చినప్పుడే గింజలు. బాయిలో మస్టరు పడినచో జీతము. పల్లెలో పిలుపు నీచముగ నుండును. బాయిలో పేరునకు నంబరు గలదు. తట్ట, చెమ్మసు పట్టి బొగ్గు నింపువాని కులమును చీకటిలో నడుగువా డెవ్వడు? పైకి వచ్చిన తరువాత నందరి ముఖములును నలుపే. అందుచేత నెన్ని ప్రమాదములున్నను మనవారికి బాయి విడుదలగా దోచెను.

హిందూదేశపు గనులలో మొదటినుండి భార్యాభర్తలు కలిసి పనిచేయుట గలదు: భర్త పగులగొట్టును, భార్య మోయును. 1929లో బ్రిటిషు ఇండియాలో స్త్రీలను భూగర్భమునుండి క్రమముగ దొలగించు నియమములు వచ్చెను. 1937 నాటికి నిషేధము పూర్తియయ్యెను. యుద్ధకాలమున 1943లో బొగ్గు చాలక నిషేధమును సడలించిరి. 1946లో మరల బెట్టిరి. 1952 నాటి గనుల చట్టము దేశమంతటికిని ఆ నిషేధమును స్థిరపరచెను. స్త్రీలను చీకటినుండి, నీటినుండి, కూలు కప్పునుండి రక్షించుట మంచిదే. కాని తీసివేసిన కూలికి బదులు కూలి చూపినవారు లేరు. రెండు కూళ్లతో నడచిన ఇల్లు ఒక కూలితో నడువవలసివచ్చెను. 2019లో ప్రభుత్వము కొన్ని నిబంధనలతో స్త్రీలకు భూగర్భపు పనిని మరల ననుమతించెను. నాటి యవ్వలు తట్టలతో వెడలగొట్టబడిన ద్వారమున నేడు మనుమరాండ్రు చదువుతో ప్రవేశింపవచ్చును. ఈ వలయము పూర్తియగుటకు తొంబదియేండ్లు పట్టినది.

తల్లి దినచర్య

ఇక నీ సీమయందలి తల్లిని జూతము. ఈ క్రింద జెప్పునది యొక్క స్త్రీ కథ గాదు. గోదావరిఖని వాడలలోను, ఎనిమిదవ ఇంక్లైను కాలనీలోను ఇట్టి తల్లులెందరో గలరు. వారి పోలికలన్నియు నొక్కచో గూర్చి చెప్పుచున్నాము.

పల్లెలో బుట్టినది. కలుపుతీతకు బోయినందున బడి సగములో నిలిచినది. సంఘపు పెద్దల యెదుట పెండ్లియయి, భర్త వెంట బొగ్గు నేలకు వచ్చినది. మొదట గుడిసె, పిదప క్వార్టరు. బాయికి మూడు షిఫ్టులు గలవు. భర్త షిఫ్టు వారమున కొకవిధముగ మారును. అతని షిఫ్టు మారినచో ఆమె నిద్రయు మారును. తెల్లవారకముందే బోవు వారమున నంతకు ముందే లేచి టిఫినుడబ్బా కట్టును. రాత్రి షిఫ్టు వారమున పగలంతయు పిల్లలను నోరెత్తనీయక కాపాడును, బాయినుండి వచ్చిన మనుష్యుడు నిద్రపోవలెను గదా. బొగ్గుమసి పట్టిన బట్టలు ఎంత యుతికినను తెల్లబడవు. ఆమె మాత్రము ఆదివారపు చీరను తెల్లగనే యుంచుకొనును.

ఆమె చేయు పనులకు లెక్కలేదు. ఇటుకబట్టీలో మోత, ఇండ్లు కట్టుచోట మట్టిపని, ఆసుపత్రిలో ఆయాపని, వీధి యూడ్చుట, అంగడిలో కూరగాయ లమ్ముట: వీనిలో నొకటిగాని రెండుగాని యెల్లప్పుడు నడచుచునే యుండును. పురుషుని జీతము ఇంటికి చేరులోపల సారాయంగడి మీదుగా వచ్చుట పెక్కిండ్లలో నెరిగినదే. అట్టి యిండ్లలో జీతపు దినమున ద్వారమున నిలిచి డబ్బు లెక్కించి తీసికొన్నదియు, బిడ్డల బడిరుసుమును వేరుగా ముడివేసినదియు నీ తల్లియే.

వారములో నొకదినము ఉపవాసకూటము. ఒక యింటిలో చాప పరచి స్త్రీలు చేరుదురు. ఎవరి యింట జ్వరము, ఎవరి యింట పెండ్లి, ఎవరి భర్త పని పోయినది, ఎవరి కోడలు పుట్టింటికి బోయినది: అన్నియు నచట ప్రార్థనగా వినబడును. ప్రార్థన ముగిసిన తరువాత బియ్యము, డబ్బు, మాట, మనుష్యులు కావలసినవారికి చేరును. దీనిని మతమనినను సరే, పరస్పర సహాయ సంఘమనినను సరే. అధ్యక్షుడును, కార్యదర్శియు, ముద్రయు లేకయే నడచిన సంఘమిది. మన మహాసభలు దీనినుండి నేర్వదగినది గలదు.

సైరను వేళగాని వేళ మ్రోగినచో ఊరిలోని స్త్రీలందరును చేతిపని విడిచి గుమ్మములలో నిలుతురు. 2003 జూన్ 16వ తేదీని గోదావరిఖని 7 ఎల్‌.ఇ.పి. గనిలోనికి నీరు పొరలివచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ దినము బాయి ముఖద్వారమున నిలిచిన స్త్రీలలో మతభేదము, కులభేదము ఎవరును జూడలేదు. అట్టి ప్రమాదములలో భర్తను గోల్పోయిన స్త్రీకి ఉద్యోగముగాని నెలనెల ధనముగాని యిచ్చు నేర్పాటు బొగ్గు కార్మికుల వేతన ఒప్పందములందు గలదు. అట్లు పనిలో జేరిన విధవలు భర్త పేరున్న మస్టరు పుస్తకములో తమ పేరు వ్రాయించుకొని, ఆ జీతముతోనే బిడ్డలను జదివించిరి. నేడు మనలో ఉపాధ్యాయులు, నర్సులు, ఇంజనీర్లు అయినవారి వెనుక ఇట్టి తల్లి లేని యిల్లు అరుదు.

రెండు పేర్లు

ఇప్పుడు మా మనస్సును బాధించు సంగతి చెప్పుదుము. ఈ తల్లికి పెక్కుచోట్ల రెండు పేర్లు గలవు. బాప్తిస్మపు పుస్తకములో మార్త, మరియ, రూతు. సర్కారు కాగితములలో ఎల్లమ్మ, లచ్చమ్మ, పోశమ్మ. ఇది మోసమని పలుకువారు గలరు. కారణము తెలిసిన పిమ్మట పలుకుట మంచిది.

1950వ సంవత్సరపు షెడ్యూల్డు కులముల ఉత్తరువు మూడవ పేరా ప్రకారము హిందువులు మాత్రమే షెడ్యూల్డు కులములవారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందు జేర్చిరి, క్రైస్తవులను జేర్చలేదు. క్రైస్తవులైన మనవారిని 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వెనుకబడిన తరగతులలో సి వర్గమున బెట్టి నూటికి 1 వంతు కేటాయించెను. ఈ ప్రశ్నను విచారించుటకు 2022లో కేంద్రప్రభుత్వము ఒక కమిషను నియమించెను. చట్టము సంగతి చట్టసభలు, న్యాయస్థానములు చూచుకొనును. కాని ఊరిలో బావికడ త్రోసివేయునప్పుడు ఎవరును ఆమె బాప్తిస్మపు పుస్తకము చూచి త్రోయలేదు. బిడ్డకు విద్యార్థివేతనము కావలెనన్నచో ఒక పేరు. ప్రభురాత్రి భోజనమునకు గూర్చున్నచో మరియొక పేరు. ఒక పేరును బ్రతికించుటకు మరియొక పేరును దాచుకొనుచు ఆమె జీవితము గడపినది. తుదకు సమాధిఫలకముపై నే పేరు వ్రాయవలెనో బిడ్డలే తర్కించుకొనుట మేము కన్నులార జూచితిమి. ఇంతకంటె దుఃఖకరమైన వ్యాజ్యము మేమెరుగము.

మన సంఘముకూడ నీ విషయమున నిర్దోషి గాదు. హిందువులమను మనవారు క్రైస్తవులను వాటాకు వచ్చినవారిగా జూచుటయు, క్రైస్తవులమను మనవారు తక్కినవారిని చీకటిలోనున్నవారిగా జూచుటయు గలదు. ఈ రెండును తప్పు. తాళ్లకొండపాటి నాగమ్మయు, ఎల్లమ్మ బోనమెత్తిన యామె వదినెయు నొకే వాడలో నొకే నిప్పు పంచుకొని పొయ్యి రాజేసికొన్నవారు. నిప్పు పంచుకొన్న యిండ్లకు కాగితములు గోడ కట్టరాదు.

మా మనవి

మహాజనులారా! మేము కోరునది యధికము గాదు. ప్రతి శాఖాసంఘమును తన ప్రాంతమున ఎనుబదియేండ్లు దాటిన తల్లుల కడకు ఇద్దరు చదువుకొన్న బాలికలను పంపవలెను. ఆ తల్లి పుట్టిన పల్లె, చేసిన పనులు, తిన్న కూలి, కన్న బిడ్డలు, పోయిన బిడ్డలు, కంఠస్థమైన పాటలు, ఆమె స్వయముగ జెప్పిన రీతిని వ్రాసికొనవలెను. ఆమెకు రెండు పేర్లున్నచో ఏ పేరు వ్రాయవలెనో ఆమెనే యడుగవలెను, రెండును వలసినచో రెండును వ్రాయవలెను, వ్రాయవలదన్నచో మానవలెను. ఈ పుస్తకమును పోషకులు తమ వ్యయముతో నచ్చొత్తింపవలెను. దాతల పటములకు వ్యయము చేయు సొమ్ములో నొక పిడికెడు తీసినచో నిది నెరవేరును. పిడికెడు తీయుట మన తల్లులు నేర్పిన విద్యయే గదా.

ఆలస్యమునకు దావు లేదు. 1854లో కొండపై మువ్వురు స్త్రీలుండిరి. వారి పేర్లయినను మనకు దక్కినవి. 1878లో గుండ్లకమ్మలో దిగిన 2222 మందిలో నెందరి తల్లుల పేర్లు మన నోట నున్నవి? బొగ్గు భూమిలో కోట్లకొలది యేండ్లు దాగియుండి త్రవ్వినవానికి దొరకును. మనుష్యుల జ్ఞాపకము అట్లు వేచియుండదు. తల్లి మృతినొందిన దినముననే యది పోవును.

అరుంధతిని జూడగోరువాడు వసిష్ఠుని ప్రక్కన వెదకుట యాచారము. రాబోవు మహాసభ సంచికలోనైన మన తల్లులను నేరుగా జూచు భాగ్యము మనకు గలుగుగాక యని కోరుచున్నాము.

శుభమస్తు.